ఒకే స్క్రిప్టు భాష: సర్వర్ టీం గీసుకోవాల్సిన గీత

సర్వర్ల బాగోగులు చూసే టీం ఏదైనా సరే, రెండు మూడేళ్లకోసారి అక్కడ ఒక పేచీ లేస్తుంది. స్క్రిప్టులన్నీ ఒకే భాషలో ఉండాలా, ఎవరికి చేతనైన భాషలో వాళ్లు రాసుకోవచ్చా అని. పెర్ల్‌లో చెయ్యి తిరిగిన సీనియర్ ఒక పక్క, అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లు ఇంకో పక్క, బాష్ ఉండగా ఇవన్నీ ఎందుకయ్యా అనేవాళ్లు మరో పక్క. చర్చ ముదిరాక మేనేజర్ ఒక మెయిల్ పెడతాడు: ఇకమీదట అన్నీ పైథాన్‌లోనే. ఏడాది తిరిగాక చూస్తే క్రాన్‌లో కొత్తగా చేరినవాటిలో బాష్ స్క్రిప్టులు దర్జాగా కూర్చుని ఉంటాయి. మెయిల్‌ను కావాలని ధిక్కరించినవాళ్లెవరూ ఉండరు. ఏ పనికి ఆ ఆజ్ఞ వర్తిస్తుందో, ఏ వెర్షన్ పైథాన్ అన్నారో, పాతవాటిని ఏం చెయ్యాలో అందులో లేదు కాబట్టి ఎవరి పని వాళ్లు చేసుకుపోయారు.

ఈ వ్యాసం ఇరుపక్షాల వాదనలనూ చూస్తుంది. నా అభిప్రాయం దాచుకోవడం మాత్రం నా వల్ల కాదు: ఒకే భాష వైపు నడవడం మంచిదే, కానీ గీత ఎక్కడో, వెర్షన్ ఏదో చెప్పని నిర్ణయానికి విలువ లేదు.

రాత్రి రెండు గంటల పరీక్ష

ఒకే భాష కావాలనేవారి వాదనలో గట్టి భాగం రాత్రిపూట తెలుస్తుంది. రెండు గంటలకు డిస్కు నిండిందని అలర్ట్ వస్తుంది. ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి పాత లాగ్‌లు తుడిచే స్క్రిప్టు తెరుస్తాడు. దాన్ని రాసినవాడు కంపెనీ మారి ఎన్నాళ్లో అయింది. నిద్రమత్తులో, అవతల క్లయింట్ కాల్‌లో ఉండగా, ఆ ఫైలు చదివి ఏం జరుగుతోందో గ్రహించగలడా? రాయడం ఒక్కసారి జరిగే పని. చదవడం ఆ స్క్రిప్టు బతికున్నన్నాళ్లూ జరుగుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీల సర్వర్లను షిఫ్టుల్లో చూసే టీంలలో ఇది మరీ నిజం. రాసినవాడే రాత్రి చదవాల్సి రావడం అక్కడ అరుదు. కొత్తగా చేరినవాడు “అన్నా, ఈ లైను ఏం చేస్తుంది?” అని అడిగితే వచ్చే జవాబు చాలాచోట్ల ఒకటే: “నడుస్తోందిగా, కదపకు.”

రెండో లాభం ఉమ్మడి కోడు. మెయిల్ పంపడం, లాగ్ రాయడం, పాస్‌వర్డ్‌ను వాల్ట్ నుంచి తెచ్చుకోవడం, విఫలమైతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించడం, ఇవి ప్రతి స్క్రిప్టుకూ కావాల్సినవే. భాషలు నాలుగుంటే ఈ పనులన్నీ నాలుగుసార్లు రాయాలి, నాలుగుచోట్ల తప్పులు వెతకాలి. కోడ్ రివ్యూ సంగతీ అంతే. రూబీ రానివాడికి రూబీ స్క్రిప్టు రివ్యూకి పంపితే వచ్చేది సంతకమే, సమీక్ష కాదు. నియామకాలు సులువవుతాయన్న వాదన కూడా ఉంది గాని, దాన్ని నేను పెద్దగా లెక్కపెట్టను. భాష నేర్పడం సులువు, సర్వర్ నేర్పడమే కష్టం.

ఎదుటి పక్షం మాటలూ కొట్టిపారేసేవి కావు. లాగ్ ఫైలులో ఏడో కాలమ్ కూడాలంటే ఆక్‌లో ఒక్క లైను, పైథాన్‌లో ఎంత లేదన్నా అరడజను. ఇరవై ఏళ్లుగా పెర్ల్ రాస్తున్న మనిషిని ఒక్కసారిగా ఆపమంటే అతని వేగం, అనుభవం రెండూ బూడిదలో పోసినట్టే. అన్నిటికీ మించి, నడుస్తున్న స్క్రిప్టును కేవలం భాష కోసం తిరగరాస్తే, అందులో ఎప్పుడో ఒక దెబ్బ తిని చేర్చిన సవరణలన్నీ పోతాయి. ఆ దెబ్బలు మళ్లీ మొదటినుంచి తినాల్సిందే.

పెర్ల్ ఏలిన కాలం

ఈ పేచీ కొత్తదేం కాదు. బెల్ ల్యాబ్స్‌లో ఆక్ 1977లో పుట్టింది. స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో బయటికొచ్చింది. అప్పట్లో స్క్రిప్టు అంటే షెల్, సెడ్, ఆక్ మూడూ కలిపి కుట్టిన బొంత. మూడింటికీ మూడు వ్యాకరణాలు, మూడు రకాల కొటేషన్ నియమాలు. రిపోర్టులు తయారు చెయ్యడానికి ఆక్ చాలక లారీ వాల్ 1987లో పెర్ల్ తెచ్చాడు. ఆ మూడు భాషల పనినీ అదొక్కటే మింగేసింది. 1994లో పెర్ల్ 5, ఆ మరుసటేడు మాడ్యూళ్ల భాండాగారం సీప్యాన్ వచ్చాయి. తొంభైల్లో యూనిక్స్ అడ్మిన్లు ఏ మేనేజరూ చెప్పకుండానే ఒకే భాషకు చేరుకున్నారు. పని తేలికైన వైపు జనం తామే వెళ్తారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే పెర్ల్ సిద్ధాంతమే ఒక పనికి ఎన్నో దారులుండాలని. ఒక్కడే రాసుకునేటప్పుడు అది వరం. టీంలో అది తద్దినం. ఒకే ఆఫీసులో ఇద్దరు రాసిన పెర్ల్ రెండు వేర్వేరు భాషల్లా కనిపించేది. భాష ఒకటే అయినా రాత ఒకటి కాకపోతే ఏం జరుగుతుందో పెర్ల్ చూపించింది. పైగా 2000లో ప్రకటించిన పెర్ల్ 6 మొదటి స్థిరమైన విడుదలకు 2015 దాకా పట్టింది. 2019లో దానికి రాకు అని పేరు మార్చి వేరే భాషగా పక్కన పెట్టారు. ఆ మధ్యకాలంలో పెర్ల్ 5 విడుదలలు ఆగలేదు. కానీ కొత్తగా వచ్చేవాళ్లు దాన్ని వెళ్లిపోతున్న భాషగానే చూశారు.

పెర్ల్‌కు దక్కాల్సిన గౌరవం ఒకటి దక్కలేదంటాను. తొంభైల్లో రాసిన పెర్ల్ 5 స్క్రిప్టులు చాలావరకు ఈరోజుకీ మార్పు లేకుండా నడుస్తాయి. పైథాన్ ఆ మాట చెప్పుకోలేదు. డెబియన్‌లో పెర్ల్ మూల ప్యాకేజీ ఇప్పటికీ తప్పనిసరి ప్యాకేజీల జాబితాలో ఉంది. టీం పెర్ల్‌ను నిషేధించవచ్చు, సర్వర్ మాత్రం నిషేధించదు.

పైథాన్ గెలిచింది. ఏ పైథాన్?

1991లో గీడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ అడ్మిన్ల లోకంలోకి దొడ్డిదారిన వచ్చింది. రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలర్ అనకొండ, ప్యాకేజీల మేనేజర్ యమ్ దాంట్లోనే రాశారు. కాబట్టి రెడ్‌హ్యాట్ మెషీన్‌లో పైథాన్ ఎలాగూ ఉండేది. 2005లో పపెట్, 2009లో షెఫ్ రూబీని వెంటబెట్టుకొచ్చాయి గాని, రూబీ వాటి గడప దాటి రోజువారీ స్క్రిప్టుల్లోకి పెద్దగా రాలేదు. 2011లో సాల్ట్, 2012లో ఆన్సిబుల్ పైథాన్‌లో వచ్చాక తీర్పు అయిపోయినట్టే. లినక్స్ టీం ఈరోజు ఒక భాష ఎంచుకుంటే అది పైథానే. దానిమీద వాదనకు నేను దిగను.

గొడవంతా ఆ తర్వాతే. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 పాత కోడును నడపనంది. 2.7కు ముందు 2015 అని పెట్టిన గడువును 2020 జనవరి 1కి జరిపారు. పదకొండేళ్లు రెండు పైథాన్లు పక్కపక్కనే కాపురం చేశాయి. ఈలోగా సెంట్ఓఎస్ 6, 7 మీద కొత్త పైథాన్ కోసమని సిస్టం పైథాన్ లింకు మార్చి, మరుక్షణం యమ్ పడకేసిందని లబోదిబోమన్నవాళ్లకు లెక్కలేదు. ఆ పైథాన్ మనది కాదు, ఆపరేటింగ్ సిస్టందన్న పాఠం జనం అలా నేర్చుకున్నారు. రెడ్‌హ్యాట్ కూడా నేర్చుకుంది. 2019లో వచ్చిన వెర్షన్ 8లో సిస్టం వాడుకునే పైథాన్‌ను వేరే చోట పెట్టి, ఉత్త ‘పైథాన్’ అనే కమాండునే డిఫాల్టుగా తీసేసింది.

ఇప్పుడు లెక్క చూడండి. రెడ్‌హ్యాట్ 7తో వచ్చేది పైథాన్ 2.7. వెర్షన్ 8తో 3.6. వెర్షన్ 9తో 3.9. 2025లో వచ్చిన 10తో 3.12. పెద్ద సంస్థల్లో ఈ నాలుగూ ఒకే టీం చేతికింద ఉండటం మామూలే. ‘అన్నీ పైథాన్‌లోనే’ అన్న మెయిల్‌కు ఇక్కడ అర్థం ఏమిటి? ఒక చిన్న ఉదాహరణ చాలు. బయటి కమాండును నడిపి దాని అవుట్‌పుట్‌ను పట్టుకోవడం అడ్మిన్ స్క్రిప్టుల్లో రోజూ ఉండే పని. సబ్‌ప్రాసెస్ రన్‌కు ‘క్యాప్చర్ అవుట్‌పుట్’ అన్న ఆర్గ్యుమెంట్ ఇస్తే అయిపోతుంది. ఆ ఆర్గ్యుమెంట్ 3.7లో చేరింది. వెర్షన్ 9 మెషీన్‌లో రాసి, పరీక్షించి, రివ్యూ చేయించిన స్క్రిప్టు వెర్షన్ 8 మెషీన్ మీద ఆ లైను దగ్గరకు రాగానే టైప్ ఎర్రర్ కొట్టి చస్తుంది. వెర్షన్ 7 మీదైతే ఆ లైను దాకా కూడా రాదు. ఎఫ్-స్ట్రింగ్ ఒక్కటి కనిపించినా సింటాక్స్ ఎర్రర్ అని మొదటికే ఆగిపోతుంది. భాష ఒకటే, ఫలితాలు మూడు.

పరికరాలూ ఇదే చిక్కులో పడ్డాయి. 2024లో వచ్చిన ఆన్సిబుల్ కోర్ 2.17 అవతలి మెషీన్లలో 3.6కు మద్దతు ఆపేసింది. వెర్షన్ 8లో ప్యాకేజీలు చూసే డీఎన్‌ఎఫ్ లైబ్రరీ సిస్టం పైథాన్ 3.6నే పట్టుకుని ఉంటుంది కాబట్టి కొత్త పైథాన్ పక్కన పెట్టినా ఆ పని జరగదు. చాలామంది కంట్రోల్ మెషీన్‌ను 2.16 దగ్గరే ఆపుకోవాల్సి వచ్చింది. డెబియన్ 12 నుంచి సిస్టం పైథాన్‌లోకి పిప్‌తో ఏదైనా ఎక్కించబోతే ఒప్పుకోదు, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోమంటుంది. పాస్‌వర్డ్ హ్యాష్‌ల కోసం అడ్మిన్లు వాడుకునే క్రిప్ట్ మాడ్యూల్, పాత స్విచ్‌లతో మాట్లాడే టెల్‌నెట్‌లిబ్, రెండూ 3.13లో పైథాన్‌తోపాటు రావడం మానేశాయి.

అందుకే భాష పేరు కంటే వెర్షన్ అంకె ముఖ్యమంటున్నాను. దారులు రెండే. సిస్టంతో వచ్చే పైథాన్‌లో అన్నిటికంటే పాతది ఏదో చూసుకుని, దానికే కట్టుబడి, బయటి లైబ్రరీలు ముట్టకుండా రాయడం ఒకటి. టీం తనదైన ఇంటర్‌ప్రెటర్‌ను ప్యాకేజీ చేసి అన్ని సర్వర్ల మీదా తానే పెట్టుకుని, దాని సెక్యూరిటీ ప్యాచ్‌ల బాధ్యత కూడా తానే మొయ్యడం రెండోది. మొదటిది ఇరుకు, రెండోది బరువు. నలుగురైదుగురుండే టీంకు మొదటిదే మేలు. వేల సర్వర్లున్న చోట రెండోది తప్పదు.

షెల్‌ను పంపించెయ్యలేం

ఒకే భాష అన్నవాళ్లు తరచు మరిచేది ఇదే. కంటెయినర్ బిల్డు ఫైలులో రన్ లైన్లు షెల్. సీఐ పైప్‌లైన్ యామ్ల్‌లో చాలా స్టెప్పులు షెల్. క్లౌడ్ సర్వర్ మొదటిసారి లేచినప్పుడు నడిచే యూజర్ డేటా ఎక్కువగా షెల్. ఆల్పైన్ ఇమేజ్‌లో పైథాన్ ఉండదు, బాష్ కూడా ఉండదు, బిజీబాక్స్ ఇచ్చే చిన్న షెల్ ఒక్కటే. కాబట్టి లెక్క ఎప్పుడూ ‘ఒక భాష’ కాదు, ‘షెల్ ప్లస్ ఒకటి’.

షెల్ ఉండక తప్పదన్నంత మాత్రాన దాన్ని నమ్మమని కాదు. 2015 జనవరిలో లినక్స్ మీద స్టీమ్ గేమ్ క్లయింట్‌లో బయటపడ్డ దోషం ఈ రంగంలో అందరూ ఒకసారి చదవాల్సింది. స్క్రిప్టు మొదట తానున్న డైరెక్టరీలోకి వెళ్లి, దాని పేరు ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటుంది. కింద ఎక్కడో ఆ వేరియబుల్ వెనక ఒక స్లాష్, ఒక నక్షత్రం గుర్తు తగిలించి అంతా తుడిచెయ్యమంటుంది. డైరెక్టరీలోకి వెళ్లడం విఫలమైతే వేరియబుల్ ఖాళీ. మిగిలేది స్లాష్, నక్షత్రం. అంటే రూట్ కింద ఉన్నదంతా. యూజర్‌కు చెరిపే హక్కున్న ఫైళ్లన్నీ పోయాయి, తగిలించి ఉన్న బ్యాకప్ డిస్కుతో సహా. ఆ లైను పైన భయమేస్తోందని కామెంటు కూడా ఉంది. రాసినవాడికి ప్రమాదం తెలుసు, భాషకే పట్టలేదు. పైథాన్‌లోనైతే డైరెక్టరీ మార్చడం విఫలమైన క్షణమే ఎక్సెప్షన్ లేచి ప్రోగ్రాం ఆగిపోయేది.

ఇంతకంటే నిశ్శబ్దంగా కొంప ముంచేది పైపు. డేటాబేస్ డంపును జీజిప్‌లోకి పంపి ఫైలుగా దాచే లైను లేని ఆఫీసు ఉండదేమో. పాస్‌వర్డ్ మారి డంపు మొదట్లోనే విఫలమైందనుకోండి. పైపులో చివరిదైన జీజిప్ మాత్రం ఏమీ అందకపోయినా మర్యాదగా ముగుస్తుంది. షెల్ ఆ చివరిదాని ఫలితాన్నే మొత్తం ఫలితంగా చెప్తుంది. క్రాన్ సంతోషం, మానిటరింగ్ పచ్చరంగు. డిస్కు మీద 20 బైట్ల బ్యాకప్ ఫైలు. రోజూ ఒకటి చొప్పున, తేదీలతో సహా. దీనికి మందు పైప్‌ఫెయిల్ ఆప్షన్. బాష్‌లో 2004 నుంచీ ఉంది. పోజిక్స్ ప్రమాణంలోకి మాత్రం 2024లో గాని చేరలేదు.

బాష్ అనుకుని రాసింది బాష్‌లో నడవకపోవడం ఇంకో తమాషా. ఉబుంటు 2006లో /బిన్/ఎస్‌హెచ్‌ను డ్యాష్‌కు మార్చింది, తర్వాత డెబియన్ కూడా అదే చేసింది. మొదటి లైనులో ఎస్‌హెచ్ అని పెట్టి లోపల బాష్ పోకడలు పోయిన స్క్రిప్టులు రెడ్‌హ్యాట్ మీద నడుస్తాయి, ఉబుంటు మీద బోర్లాపడతాయి. మ్యాక్‌లో అయితే లైసెన్సు కారణంగా బాష్ 3.2 దగ్గరే ఆగిపోయింది. ల్యాప్‌టాప్‌లో పరీక్షించి సర్వర్‌కు పంపేవాళ్లకు ఇదొక ఉచ్చు. 2012లో మొదలైన షెల్‌చెక్ అనే ఉచిత పరికరం ఇలాంటివాటిలో చాలావాటిని రాసేటప్పుడే పట్టిస్తుంది. షెల్‌చెక్ దాటని బాష్‌ను రిపోజిటరీలోకి రానివ్వనన్న ఒక్క నియమం, మేనేజర్ మెయిళ్లు పది చేసే మేలు కంటే ఎక్కువ చేస్తుంది.

విండోస్ వైపు

ఇక్కడ ఎంపిక మైక్రోసాఫ్టే చేసేసింది. జెఫ్రీ స్నోవర్ 2002లో రాసిన ప్రతిపాదనలోంచి 2006లో పవర్‌షెల్ వచ్చింది. పైపులో అక్షరాల బదులు ఆబ్జెక్టులు ప్రవహిస్తాయి కాబట్టి ఏడో కాలమ్ వెతుక్కునే బాధ లేదు. 2016లో ఓపెన్ సోర్స్ అయి లినక్స్‌కూ వచ్చింది. 2023లో వీబీస్క్రిప్టుకు వీడ్కోలు ప్రకటించారు. కానీ ఇక్కడా రెండు వెర్షన్ల కాపురమే. సిస్టంతో వచ్చేది 5.1, మనం విడిగా పెట్టుకునేది 7. తేడా మనవాళ్లకు కొట్టొచ్చినట్టు తెలిసేది తెలుగు అక్షరాల దగ్గర. బీవోఎం లేని యూటీఎఫ్-8లో దాచిన స్క్రిప్టులో తెలుగు పేరు ఉంటే 7 సరిగా చదువుతుంది, 5.1 పిచ్చిగీతలు చేస్తుంది.

లినక్స్ మీద కూడా పవర్‌షెల్‌నే పెట్టి రెండు లోకాలనూ ఒకటి చేద్దామన్న ఆలోచన వినడానికి బాగుంటుంది. ఆచరణలో లినక్స్ మనుషులు దాన్ని తెరవరు. విండోస్ వాళ్లకు పవర్‌షెల్, లినక్స్ వాళ్లకు పైథాన్ అని ఒప్పుకోవడమే నిజాయితీ.

గీత ఎక్కడ

గూగుల్ బయటపెట్టిన షెల్ రాత నియమాల్లో ఒక కొలత ఉంది: స్క్రిప్టు 100 లైన్లు దాటినా, దాని నడక చిక్కుపడ్డా సరైన భాషలోకి మార్చాలి. లైన్ల లెక్క మొరటు కొలతే. మూడు లైన్ల స్టీమ్ ప్రమాదం దాని కంటబడదు. అయినా యంత్రం లెక్కపెట్టగల నియమం కాబట్టి రివ్యూలో వాదన ఉండదు. దానికి నేను ఇంకొన్ని చేరుస్తాను. జేసన్ విప్పాల్సి వస్తే, ఏదైనా తుడిచేది ఉంటే, సగంలో విఫలమైతే వెనక్కి తీసుకోవాల్సింది ఉంటే, లైన్లు పదే అయినా షెల్ వద్దు. కమాండ్లను వరసగా పిలవడమే పని అయితే షెల్ చాలు. అక్కడ పైథాన్ పెట్టడం ఆర్భాటం.

గో భాషలో రాసి ఒకే బైనరీగా పంపుదామనేవాళ్లూ ఉన్నారు. ఇంటర్‌ప్రెటర్ గొడవ పోతుంది నిజమే. రాత్రి రెండింటికి సర్వర్ మీద ఆ బైనరీని తెరిచి చదవలేం, అక్కడికక్కడ ఒక లైను మార్చలేం. పరికరాలకు గో, స్క్రిప్టులకు కాదు.

ఏఐ ఏ భాషలోనైనా రాసిపెడుతుంది కదా, ఇంక ఈ గొడవ దేనికన్నది కొత్త వాదన. నాకు తిరగబడి కనిపిస్తుంది. రాయడం చవకైంది, చదవడం చవక కాలేదు. ఎవరూ చెమటోడ్చి రాయని స్క్రిప్టులు కుప్పలుగా వచ్చిపడుతున్నప్పుడు, వాటిని తప్పు పట్టగలిగే భాష టీంలో అందరికీ ఒకటైనా ఉండాలి.

పాతవాటి సంగతి గిట్‌ను చూసి నేర్చుకోవచ్చు. గిట్‌లో ఎన్నో కమాండ్లు మొదట్లో షెల్, పెర్ల్ స్క్రిప్టులే. విండోస్ మీద మరీ నెమ్మదిగా నడుస్తున్నాయని ఒక్కొక్కటే సీ భాషలోకి మార్చారు. స్టాష్ 2019లో మారింది. యాడ్ కమాండు ఇంటరాక్టివ్ భాగానికి పాత పెర్ల్ రూపాన్ని పూర్తిగా తీసెయ్యడానికి 2023 వచ్చింది. ఎవరూ ఒక శనివారం కూర్చుని మొత్తం తిరగరాయలేదు. కొత్తది పాతదానంత బాగా పనిచేస్తుందని పరీక్షలు చెప్పాకే పాతది పోయింది. మన క్రాన్ స్క్రిప్టులకూ ఇదే వర్తిస్తుంది. ముట్టుకోవాల్సిన పని పడ్డప్పుడే మార్చండి, ముట్టుకోనిదాన్ని అలాగే ఉంచండి. ఆ పెర్ల్ సీనియర్ వెళ్లిపోకముందే, ఆయన స్క్రిప్టులు ఏం చేస్తాయో ఆయన చేతే రెండు పేజీలు రాయించుకోండి. తిరగరాయడం కంటే అది ముందు.

ఇక మెయిల్ పెట్టబోయే మేనేజర్లకు ఒక మాట. ‘పైథాన్’ అని రాసి ఆపకండి, పక్కన అంకె వెయ్యండి. ఆ అంకె మీకు నచ్చింది కాదు, మీ దగ్గరున్న అతి పాత సర్వర్ ఒప్పుకునేది. పైథాన్ 3.6కు దాన్ని తయారుచేసేవాళ్లు 2021 డిసెంబరులోనే మద్దతు ఆపేశారు. రెడ్‌హ్యాట్ 8 మెయింటెనెన్స్ గడువు మాత్రం 2029 మే దాకా ఉంది.